పగడపు దిబ్బ మీద కాలు పడకుండా: కూకట్‌పల్లి బృందం అండమాన్ యాత్ర, ఒక కేస్ స్టడీ

కూకట్‌పల్లిలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే నాలుగు కుటుంబాలు, వాళ్ల చుట్టాలు, కలిపి పద్దెనిమిది మంది. అందరిలోకీ చిన్నది రెండో తరగతి పాప. అందరికంటే పెద్దాయన బ్యాంకులో చేసి రిటైరైన తాతగారు. మే నెలలో అండమాన్ వెళ్లొద్దామని వాళ్ల ఆలోచన. వేరే ఏజెంటు ఇచ్చిన కొటేషన్ పట్టుకుని, యాత్రలు ఏర్పాటు చేసే నా దగ్గరికి వచ్చారు. ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. నార్త్ బే, ఎలిఫెంట్ బీచ్, జాలీ బాయ్, నీల్ దీవిలో నేచురల్ బ్రిడ్జి, హెల్మెట్ పెట్టుకుని సముద్రం అడుగున నడిచే సీ వాక్, అడుగున గాజు ఉండే గ్లాస్ బాటమ్ బోటు, జెట్ స్కీ, ఏదీ వదల్లేదు. ఇదే ప్లాన్ కొంచెం తక్కువలో చేసిపెట్టండి అన్నారు.

మాటల్లో ఒక టీచర్ మేడం, స్కూల్లో బయాలజీ చెబుతారు, ఉన్నట్టుండి అడిగారు: "ఇంతమందిమి పోయి ఆ పగడాల మీద పడితే వాటికేం మిగుల్తుందండీ? అసలు పోకపోవడమే మంచిదేమో కదా?" తాతగారు ఊరుకోలేదు. "అమ్మా, నాకు డెబ్బై దగ్గర పడుతోంది. ఇప్పుడు కాకపోతే నేనెప్పుడు చూస్తాను?" అన్నారు.

ఇద్దరి మాటా సబబే. పోకపోవడం అన్నిటికంటే తేలికైన జవాబు, కాదనను. కానీ ఈ పద్దెనిమిది మంది మానుకున్నా అదే బోటులో ఇంకో పద్దెనిమిది మంది ఎక్కుతారు. హైదరాబాద్ నుంచి బృందాలను పంపే నాలాంటివాళ్ల చేతిలో ఉన్నది ఆ బోటు ఎక్కేవాళ్లు ఎలా ఎక్కుతారన్నదే. అందుకని మేడం ప్రశ్ననీ తాతగారి కోరికనీ రెంటినీ పనిగా తీసుకున్నాను. ప్లాన్ ఎలా మారింది, ఏది ఫలించింది, ఏది ఫలించలేదు అన్నది కింద రాస్తున్నాను.

ముందు తేదీ మార్చాం

పగడం రాయి కాదు, మొక్కా కాదు. జంతువు. పాలిప్‌లనే చిన్న చిన్న ప్రాణులు వేలకు వేలు ఒకచోట చేరి కింద సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి కణాల్లోపల కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. పగడానికి రంగూ, తిండిలో ఎక్కువ భాగమూ ఆ నాచు పెట్టినవే. నీళ్లు మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ పెరిగి, కొన్ని వారాలు అలాగే నిలిచిపోతే ఆ నాచు బయటికి వెళ్లిపోతుంది. పగడం తెల్లబడుతుంది. దాన్నే బ్లీచింగ్ అంటారు. అండమాన్ దిబ్బలు 1998లో, 2010లో, 2016లో ఇలా తెల్లబడ్డాయి. 2024 ఏప్రిల్ 15న ప్రపంచవ్యాప్తంగా నాలుగో సామూహిక బ్లీచింగ్ నడుస్తోందని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది. 2023 మొదలు రెండేళ్ల పైచిలుకు కాలంలో ప్రపంచంలోని పగడపు దిబ్బల విస్తీర్ణంలో దాదాపు 84 శాతానికి ఆ స్థాయి వేడి తగిలింది.

అండమాన్‌లో సముద్రం బాగా వేడెక్కేది ఏప్రిల్, మే నెలల్లో. మన పిల్లలకు సెలవులు వచ్చేదీ అప్పుడే. హైదరాబాద్ నుంచి పోయే కుటుంబాల్లో ఎక్కువ మంది దిబ్బలు వేడికి అల్లాడుతున్నప్పుడే వాటి మీదికి వెళుతున్నారు. ఆ సమయంలో విరిగిన కొమ్మ తిరిగి అతుక్కోవాలంటే, మీద పడ్డ ఇసుకను తోసుకోవాలంటే, పగడం దగ్గర ఓపిక ఉండదు.

మన ఊళ్లోనే, ప్రగతినగర్ వైపు, కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉంది. సునామీ హెచ్చరికలు అక్కడి నుంచి వస్తాయని చాలామందికి తెలుసు. పగడాల బ్లీచింగ్ హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వస్తాయని మాత్రం ఆ గేటు ముందు నుంచి రోజూ ఆఫీసుకు పోయేవాళ్లకూ తెలియదు. ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడిని బట్టి అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖలకు విడివిడిగా పరిస్థితి చెబుతారు. చూడాల్సింది రెండు అంకెలు. ఒకటి, మామూలు గరిష్ఠం కంటే ఇవాళ ఎంత ఎక్కువ ఉందన్నది. రెండోది, ఆ ఎక్కువ ఎన్ని వారాలుగా పోగవుతోందన్నది. జ్వరం లాంటిదే ఇదీ: ఇవాళ ఎంతుందో చూస్తే చాలదు, ఎన్నాళ్లుగా తగ్గలేదో కూడా చూడాలి. ఈ పోగును డిగ్రీ హీటింగ్ వీక్స్ అంటారు. అది 4 దాటితే బ్లీచింగ్ బాగా కనిపించవచ్చు, 8 దాటితే పగడాలు చనిపోవడం మొదలవుతుంది.

ఇదంతా బృందానికి చెప్పి, మే వద్దు, జనవరి పెట్టుకుందాం అన్నాను. నీళ్లు చల్లగా ఉంటాయి, ఈశాన్య రుతుపవనాల ఊపు తగ్గి సముద్రం కుదురుగా ఉంటుంది, అడుగు స్పష్టంగా కనిపిస్తుంది. పెద్ద పేచీ పండగ దగ్గర వచ్చింది. సంక్రాంతికి ఊరు పోకుండా సముద్రానికేమిటని ఒకరు, పిల్లలకు స్కూలు పోతుందని ఇంకొకరు. కనుమ మర్నాడు బయలుదేరదామంటే ఒకింటి అమ్మమ్మ, కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఆ మర్నాడే మనకేం తొందర అన్నారు. చివరికి ఇంకో రోజు ఆగి, శంషాబాద్ నుంచి విమానం ఎక్కేట్టు కుదిరింది. పిల్లలకు స్కూలు నాలుగు రోజులు పోయింది. ప్రిన్సిపాల్‌కి ఉత్తరం టీచర్ మేడమే రాశారు.

విమానం సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. దిబ్బలకు అసలు శత్రువు వేడి. మన విమానం పొగా ఆ వేడిలో ఒక పాలే. మంచి సన్‌స్క్రీన్ కొన్నంత మాత్రాన ఆ లెక్క చెల్లిపోదు. వెళ్లాలనుకుంటే ఏటా పరుగెత్తకుండా, ఒక్కసారి వెళ్లినప్పుడే నాలుగు రోజులు ఎక్కువ ఉండండని చెబుతాను. వీళ్లు ఒక రాత్రి పెంచుకున్నారు.

కొటేషన్‌లో కోతలు

సీ వాక్ మొదట తీసేశాను. బరువైన హెల్మెట్‌తో జనం రోజంతా అదే నేల మీద నడుస్తుంటే, రేగిన ఇసుక చుట్టుపక్కల పగడాల మీద పడుతుంది. పాలిప్ ఆ ఇసుకను జిగురుతో కడుక్కోగలదు, కానీ ఎంతసేపని? ఫోటోలో చేపలు చుట్టూ మూగాలంటే ఎవరో తిండి వేయాలి. బ్రెడ్డు ముక్కలకు అలవాటు పడ్డ చేప దిబ్బ మీది నాచు మేయడం తగ్గిస్తుంది. ఆ నాచు మేసే చేపలు లేకపోతే చచ్చిన పగడం మీద కొత్త పగడం నిలవలేదు.

జెట్ స్కీ కూడా తీసేశాను. కుర్రాళ్లు మొహాలు ముడుచుకున్నారు. రాధానగర్ బీచ్‌లో అలలు ఎగసిపడే ఇసుక తీరం ఉంది కదా, మీ సరదా అంతా అక్కడ తీర్చుకోండని సర్దిచెప్పాను.

నార్త్ బే పాత ఇరవై రూపాయల నోటు మీది దృశ్యంలో కనిపించే చోటు కాబట్టి దాన్ని బోటులోంచి చూడడానికే ఉంచాను. గొట్టంతో ఊపిరి తీస్తూ, నీళ్ల మీద బోర్లా తేలుతూ కిందికి చూసే స్నార్కెలింగ్‌కి ఒక్క చోటు, హేవ్‌లాక్‌లో. 2018 చివర్లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. బోటువాళ్లు, ట్యాక్సీవాళ్లు మాత్రం ఇంకా పాత పేర్లే వాడుతుంటారు కాబట్టి నేనూ అవే రాస్తున్నాను.

జాలీ బాయ్ ఉంచాను, అదీ ఇష్టంగా. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కులో ఉన్న దీవి అది. వండూర్ జెట్టీ నుంచి వెళ్లాలి, అటవీ శాఖ పర్మిట్ కావాలి, ప్లాస్టిక్ రానివ్వరు. రుతుపవనాల కాలంలో జాలీ బాయ్ మూసేసి రెడ్ స్కిన్ అనే ఇంకో దీవి తెరుస్తారు. ఒకదానికి సందర్శకులు వస్తుంటే ఇంకోదానికి విశ్రాంతి. మనుషుల్ని అదుపులో పెట్టే ఏర్పాటు ముందే ఉన్న చోటికి డబ్బు పెట్టడం నాకు నచ్చుతుంది.

బోటు యజమానులకు హైదరాబాద్ నుంచే ఫోన్లు చేశాను. లంగరు వేస్తారా, ముందే కట్టి ఉంచిన, నీళ్ల మీద తేలే బోయాకి తాడు కడతారా? ఎంతమందికి ఒక గైడ్? పట్టుకుని తేలడానికి రింగు ఉందా? చేపలకు బ్రెడ్డు వేస్తారా? లంగరు ప్రశ్న అడగ్గానే ఒకాయన "సార్, మీరు గవర్నమెంటు మనిషా?" అన్నాడు. ఆయన దగ్గర బుక్ చేయలేదు. బోయాకి కడతాననీ, ముగ్గురికి ఒక గైడ్ని పెడతాననీ చెప్పిన ఇంకొకాయనతో అవే మాటలు వాట్సాప్‌లో రాయించుకుని అడ్వాన్సు పంపాను. రేటు తలకి రెండు వేల దాకా పెరిగింది. జెట్ స్కీ, సీ వాక్ తీసేసిన డబ్బు దాన్ని చాలావరకు పూడ్చింది.

నిజాంపేట స్విమ్మింగ్ పూల్‌లో

దీనికే నేను ఎక్కువ సమయం పెట్టాను. అసలు ఫలితం కూడా ఇక్కడే వచ్చిందని నా నమ్మకం.

మనవాళ్లు పగడం మీద నిలబడేది నిర్లక్ష్యంతో కాదు, భయంతో. ఈత రాని మనిషి మొహం నీళ్లలో పెట్టి, నోటితో గొట్టంలోంచి గాలి పీలుస్తూ ఉంటాడు. చిన్న అల వచ్చి గొట్టంలోకి ఒక గుక్కెడు ఉప్పునీళ్లు పోస్తుంది. ఆ క్షణంలో మోకాళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, పాదాలు నేల వెతుకుతాయి. కింద నేల ఉంటే సరే. కొమ్మల్లా పెరిగే ఆక్రోపొరా పగడం ఉంటే అది పుల్లల్లా విరిగిపోతుంది. అది ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరిగే రకం కాబట్టి ఎప్పటికో కోలుకోవచ్చు. గుండ్రాయిలా ఉండే పొరైటిస్ ఏడాదికి పెరిగేది ఒక సెంటీమీటరు అటూ ఇటూ. మనిషి ఎత్తున్న పొరైటిస్ బండ మన తాత ముత్తాతల కంటే పాతది. దాని చర్మం మీద చెప్పుకాలు ఒరుసుకుంటే ఆ గీతలోకి నాచు, రోగం చేరతాయి.

బోటులో ఐదు నిమిషాలు ఉపన్యాసం ఇస్తే ఈ భయం పోదు. దీని మీద రెండు అధ్యయనాలు నాకు దారి చూపాయి. ఈజిప్టులోని రాస్ మహమ్మద్ పార్కులో చేసిన పని 1997లో వచ్చింది. డైవర్లకు పగడాల సంగతి వివరంగా చెప్పి, తర్వాత నీళ్లలోకి దింపి చూపించాక వాళ్లు పగడాన్ని తాకడం బాగా తగ్గింది. రెండోది కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో చేసి 2004లో ప్రచురించింది. అక్కడ ఒక ముక్కలో చెప్పి వదిలేసిన సూచన దేనికీ కొరగాలేదు. నీళ్లలో పక్కనే ఉన్న గైడ్ తాకబోయినవాళ్లను అక్కడికక్కడే ఆపినప్పుడే తేడా వచ్చింది. తగిలినవాటిలో ఎక్కువ భాగం ఫిన్‌లతో, అంటే ఈతకి కాళ్లకు తొడుక్కునే రెక్కలతో తగిలినవే, కెమెరా పట్టుకున్నవాళ్లు ఇంకా ఎక్కువ తాకారు. డైవింగ్ నేర్చుకున్నవాళ్ల సంగతే అది. ఈత రాని మనవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

అందుకని నిజాంపేటలో ఒక పూల్‌ని రెండు ఆదివారాలు పొద్దున్నే అద్దెకు తీసుకున్నాం. మొదటి రోజు ఫిన్‌లు లేవు, లైఫ్ జాకెట్ లేదు. గట్టు పట్టుకుని మొహం నీళ్లలో పెట్టడం, నోటితో ఊపిరి తీయడం, గొట్టంలోకి నీళ్లు వస్తే "ఫూ" అని ఒక్క ఊదుతో బయటికి కొట్టడం, అంతే. ఆ ఊదు వచ్చినవాళ్లకి నిలబడాల్సిన అవసరం సగం పోతుంది. ఒక అక్కకి అరగంట పట్టింది. ప్రతిసారీ మొహం ముంచగానే ముక్కుతో పీల్చి ఉలిక్కిపడి లేచేది. "నా వల్ల గాదన్నా, నేను బోట్ల కూసుంటా" అంది. ముక్కు మాస్కులోనే ఉంది కదా, నోరు తెరిచి చిన్నపిల్లలా గాలి మింగు అంటే పదిసార్లు నవ్వి, తర్వాత కుదిరింది.

రెండో ఆదివారం ఇంట్లోంచి స్టీలు గ్లాసులు తెమ్మన్నాను. నడుము లోతు ఉన్న చోట అడుగున వాటిని వరసగా నిలబెట్టాం. వాటి మీదుగా బోర్లా తేలుతూ అటు చివరికి పోవాలి, ఒక్క గ్లాసూ పడకూడదు. కాలు తగలక్కర్లేదు, పాదం కిందికి జారి గట్టిగా తన్నినా ఆ నీటి తోపుకే గ్లాసు ఒరిగిపోతుంది. టంగుమని నీళ్లలోనూ వినిపిస్తుంది. దిబ్బ మీద ఫిన్ తగలకుండానే ఇసుక రేగడం అలాగే జరుగుతుంది. పిల్లలు దీన్ని ఆట చేసేశారు. "గ్లాసు పడ్డది, డాడీ ఔట్!" మోకాలు వంచి సైకిలు తొక్కినట్టు కొట్టేవాళ్లకి వరసగా పడుతున్నాయి. తుంటి దగ్గర నుంచి కాలు చాచి మెల్లగా ఆడించేవాళ్లకి ఒక్కటీ పడలేదు. రెండో తరగతి పాప అందరికంటే నయం. ఆ పిల్లకి తొందర లేదు.

లైఫ్ జాకెట్‌తో ఒక చిక్కుంది. అది మనిషిని నిలువుగా తేలుస్తుంది, కాళ్లు కిందికి వేలాడతాయి. లోతు తక్కువ ఉన్న చోట అవే పగడానికి తగులుతాయి. జాకెట్ తీసేయమని ఎవరికీ చెప్పను, ప్రాణం ముందు. జాకెట్ వేసుకుని రింగు రెండు చేతులా పట్టుకుని ముందుకు వాలితే ఒళ్లు అడ్డంగా వస్తుంది. దాన్ని పూల్‌లో అందరితో చేయించాను. కొత్తవాళ్లకు సముద్రంలో ఫిన్‌లు ఇవ్వకూడదని కూడా అక్కడే తీర్మానించాం. గైడ్ రింగును లాక్కెళతాడు, వీళ్లు చూస్తారు. ఈత వచ్చిన నలుగురికే ఫిన్‌లు.

సామాను సర్దేటప్పుడు

సన్‌స్క్రీన్ గురించి అందరూ ముందే అడుగుతారు, అసలు సమస్య అదేనన్నట్టు. హవాయి రాష్ట్రం ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని 2021 జనవరి 1 నుంచి ఆపేసింది. పలావు దేశం అంతకు ఏడాది ముందే ఇంకా కొన్ని రసాయనాలతో కలిపి నిషేధించింది. సముద్రంలో వాటి మోతాదు ఎంత హాని చేస్తుందన్న దాని మీద శాస్త్రవేత్తల్లో వాదన ఇంకా ఉంది. నా వాదన వేరు: ఒళ్లంతా కప్పుకుంటే పూసుకునేది తగ్గుతుంది. ఈతకి వేసుకునే నిండు చేతుల చొక్కా, దాన్ని రాష్ గార్డు అంటారు, కాళ్లకి లెగ్గింగ్. మన ఆడవాళ్లకి ఇది చెప్పగానే హాయిగా ఒప్పుకున్నారు, స్విమ్ సూట్ వేసుకోవాలేమోనని లోపల్లోపల బెంగ పడుతున్నవాళ్లు ఇద్దరు ఉన్నారట. మిగిలింది మొహం, చేతులు, పాదాలు. వాటికి జింక్ ఆక్సైడ్ క్రీము. సీసా మీద "రీఫ్ సేఫ్" అని ఉంటే సరిపోదు, ఆ మాటకు చట్టంలో నిర్వచనం ఏమీ లేదు. వెనకున్న పదార్థాల జాబితాలో ఆక్సీబెంజోన్ కొన్నిసార్లు బెంజోఫినోన్-3 అని ఉంటుంది, అదీ చూసుకోవాలి. తలకి కొబ్బరినూనె పెట్టుకుని దిగొద్దని అమ్మమ్మకు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది.

జాలీ బాయ్‌కి ప్లాస్టిక్ రానివ్వరంటే నీళ్ల సీసాల సంగతే అనుకుంటారు. మన సంచుల్లో పులిహోర ప్లాస్టిక్ కవర్లో, ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో, జంతికలు పాకెట్లో, అన్నీ ప్లాస్టిక్కే. బయలుదేరేముందు ఒక సాయంత్రం అందరి తినుబండారాలూ స్టీలు టిఫిన్ బాక్సుల్లోకి మార్చారు. వండూర్ దగ్గర సంచులు తెరిచి చూసే సిబ్బందికి మా వాళ్ల దగ్గర తీసుకోవడానికి ఏమీ దొరకలేదు.

ఒకావిడ మంగళసూత్రాలకు గుచ్చుకోవడానికి అండమాన్‌లో పగడాలు చవగ్గా దొరుకుతాయా అని అడిగారు. నగల్లో వాడే ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చే వేరే జాతి, దిబ్బలు కట్టే పగడం కాదు. కావాలంటే పత్తర్‌గట్టీలో బిల్లుతో కొనుక్కోండి, దీవుల్లో మాత్రం ఎవరు ఏది చూపించినా కొనొద్దన్నాను. దిబ్బలు కట్టే పగడాలు, సముద్రపు విసనకర్రలనే పగడాలు, నల్ల పగడం 1972 వన్యప్రాణి చట్టంలో ఒకటో షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూల్ అది. ఒడ్డున దొరికిన చచ్చిన ముక్క అయినా సరే, సంచిలో దొరికితే విమానాశ్రయంలో ఇబ్బంది తప్పదు.

దీవుల్లో

జాలీ బాయ్‌లో పెద్ద బోటు దూరంగా ఆగుతుంది, అక్కడి నుంచి చిన్న గ్లాస్ బాటమ్ బోట్లు ఒడ్డుకు తీసుకెళతాయి. తాతగారు నీళ్లలో దిగనని ముందే చెప్పారు కాబట్టి ఆయన కోరికంతా ఆ గాజు మీదే. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి చూస్తూ, "ఈ తెల్లగా ఉన్నవన్నీ చచ్చిపోయినవేనా?" అని అడిగారు. అన్నీ కాదు. పాలలా తెల్లగా, ఉపరితలం శుభ్రంగా ఉన్నది బ్లీచ్ అయినది కావచ్చు, అది ఇంకా బతికే ఉంటుంది, నీళ్లు చల్లబడితే నాచు తిరిగి చేరవచ్చు. బూడిద, ఆకుపచ్చ రంగులో నూగు పట్టినది చచ్చిపోయినది. కొమ్మల చివర్లు మాత్రమే లేతగా ఉంటే అక్కడ కొత్తగా పెరుగుతోందని అర్థం. ఇంతలో నీలి ఆకుపచ్చ ప్యారట్‌ఫిష్ ఒకటి చచ్చిన పగడాన్ని కొరుకుతూ బోటు కిందికి వచ్చింది. వెనక నుంచి తెల్లటి పొడి పొగలా రాలింది. "ఇసుక!" అంది పాప. అవును, దీవుల్లో మనం నడిచే తెల్ల ఇసుకలో కొంత ఆ చేప కడుపులోంచి వచ్చిందే. ఆ రాత్రి హోటల్లో ప్యారట్‌ఫిష్ మెనూలో ఉంటే ఏం చేయాలో ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. వంజరం వేపుడు చెప్పారు. అది సముద్రంలో పైనీళ్లలో తిరిగే చేప, దిబ్బ మీదే బతికేది కాదు.

హేవ్‌లాక్‌లో స్నార్కెలింగ్‌కి ఆటుపోట్ల పట్టిక చూసి పోటు దగ్గర పడే వేళ పెట్టాం. నీళ్లు ఎక్కువ ఉంటే పాదానికీ పగడానికీ మధ్య దూరం ఉంటుంది. ఆరుగురికి మించకుండా మూడు విడతలు, దిగనివాళ్లు బోటులో. గైడ్లలో ఒకతను తెలుగువాడే. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ల తాతల కాలంలో చేపలవేటకి వచ్చి స్థిరపడిన కుటుంబం. అండమాన్‌లో ఇలాంటి తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. మా పూల్ సంగతి విని అతను నవ్వాడు. "నిలబడొద్దని సెప్తే ఎవరింటారు బాబూ. బయమేత్తే ఎవలైనా నిలబడిపోతారు. ఆళ్ల తప్పు కాదది" అన్నాడు.

ఆ ఉదయం పక్క బోట్ల నుంచి దిగినవాళ్లలో కొందరు మోకాళ్ల లోతు దగ్గర నిలబడి మాస్కులు సర్దుకుంటున్నారు. వాళ్ల కాళ్ల కింద ఏముందో చూడాలనిపించలేదు. మావాళ్లలో కొత్తవాళ్లు రింగు వదల్లేదు. పూల్‌లో అరగంట కష్టపడ్డ అక్క గొట్టంలోకి నీళ్లొస్తే ఊదేసి మళ్లీ మొహం ముంచడం బోటులోంచి నేనే చూశాను. ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఈత బాగా వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడి దగ్గర. కర్రకి కట్టిన కెమెరా పట్టుకుని క్లౌన్ ఫిష్ వెనక పడ్డాడు. కళ్లు తెర మీద, కాళ్లు ఎక్కడున్నాయో తెలియదు. ఫిన్ ఒకసారి పగడపు కొమ్మకు తగిలింది. గైడ్ అతని చీలమండ పట్టి పైకి లాగాడు. సెయింట్ లూసియా అధ్యయనం చెప్పిందే కళ్లముందు జరిగింది. ఇకపై కెమెరా పట్టుకునేవాళ్ల పక్కన గైడ్ ఒకరు విడిగా ఉండాలని ఆ రోజే రాసుకున్నాను.

నీల్‌లో నేచురల్ బ్రిడ్జి దగ్గర ఇంకో రకం చిక్కు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే రాతి నేల మీదే దారి. ఆ గుంటల్లో పగడాలు, సముద్ర దోసకాయలనే మెత్తటి జీవులు, పీతలు నీళ్ల కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. జనం వాటి మీదుగా నడుస్తారు. మేం ఇసుక వైపు చివరి వరకే వెళ్లి అక్కడే ఆగాం. అయినా అక్కడి గైడ్ ఒకతను పరుగున వచ్చి నల్లటి సముద్ర దోసకాయ ఒకటి ఎత్తి పాప చేతిలో పెట్టబోయాడు. అదీ వన్యప్రాణి చట్టం కాపాడే జీవే. టీచర్ మేడం మెల్లగానే అన్నారు: "ఎక్కడ తీశావో అక్కడే పెట్టెయ్ బాబూ. పాప వంగి చూస్తుందిలే." అతను పెట్టేశాడు కానీ ఒక మాట అన్నాడు, హిందీలో: చేతిలో పెట్టకపోతే మిగతా టూరిస్టులు టిప్పు ఇవ్వరు మేడం.

అతని మాట నాకు బాగా పనికొచ్చింది. గైడ్ జంతువును ఎత్తేది మనం అడుగుతామనే. మనం టిప్పు ఇచ్చేది అందుకే అని అతను ఎదురుచూస్తాడు. మరుసటి బోటు దగ్గర నుంచి మా వాళ్లు బోటు కదలకముందే చెప్పడం మొదలుపెట్టారు: "ఏదీ ఎత్తొద్దు, తిండి వేయొద్దు, టిప్పు మాత్రం పక్కా." తాతగారు కొంత ముందే చేతిలో పెట్టేసేవారు. ఇది పనిచేసినంత బాగా బోర్డులు పనిచేయడం నేను చూడలేదు.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో పిల్లల జేబులు తల్లులే తడిమారు. ఒక కుర్రాడి జేబులో వేలెడంత తెల్ల ముక్క దొరికింది, వేరే పిల్లాడు ఇచ్చాడట. బయట సిబ్బందికి ఇచ్చేశారు. వాడు విమానం ఎక్కేదాకా మాట్లాడలేదు.

ఏది నిలిచింది

లెక్కలు కట్టి చూపే అధ్యయనం కాదిది, ఒకే బృందం. కొత్తవాళ్లెవరూ దిబ్బ మీద నిలబడలేదు. పూల్ లేకపోయినా ఇంతేనేమో అని ఎవరైనా అడిగితే, పక్క బోట్లను చూసినవాడిగా కాదనే అంటాను. తేదీ మార్చడం, పూల్, టిప్పు, ఈ మూడూ నేను ప్రతి బృందానికీ పెట్టుకున్నాను. సన్‌స్క్రీన్ మీద ఇదివరకు పెట్టినంత సమయం ఇప్పుడు పెట్టడం లేదు. ఖర్చు మీద ఫిర్యాదు రాలేదు, కోతల మీద వచ్చింది. జెట్ స్కీ పోయిందని కుర్రాళ్లు ఇప్పటికీ గుర్తు చేస్తుంటారు, వాళ్ల కోసం పులికాట్‌లోనో ఇంకెక్కడో ఏదైనా చూడమంటున్నారు. చూడను.

ఆ అపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పగా బాచుపల్లి నుంచి ఇంకో బృందం ఫోన్ చేసింది. వాళ్లకి మే తప్ప కుదరదట, ఉద్యోగాలు అలాంటివి. రెండు దారులు చెప్పాను. ఇప్పుడే బుక్ చేసుకోవచ్చు, కానీ బయలుదేరే ముందు వారం ఇన్‌కాయిస్ హెచ్చరిక చూస్తాం, అండమాన్ అంకె పెరిగి ఉంటే స్నార్కెలింగ్, గ్లాస్ బాటమ్ బోటు రెండూ రద్దు, ఆ డబ్బు వాపసు. సెల్యులార్ జైలు, చిడియా టాపు, రాధానగర్ తీరం చూసి వస్తారు. లేదా దసరా దాటాక, నవంబరు, డిసెంబరుల్లో సెలవులు సర్దుకోవడం. బోటు యజమానితో ఆ వాపసు షరతు రాయించుకునే పనిలో ఉన్నాను. ఆయన సగానికి ఒప్పుకున్నాడు, మిగతా సగం బేరం నడుస్తోంది.